అమెరికాలో నిర్మాణ కాంట్రాక్టులు: ఏ రాష్ట్ర చట్టం, ఎక్కడి కోర్టు? – తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో సబ్ కాంట్రాక్టులు చేసే తెలుగువాళ్లు, ఇల్లో హోటలో గ్యాస్ స్టేషనో కట్టిస్తున్నవాళ్లు, ఇక్కడి ప్రాజెక్టులకు హైదరాబాద్ నుంచి డ్రాయింగులు చేసిపెట్టే కంపెనీలు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. కాంట్రాక్టు చివరి పేజీల్లో ఎవరూ చదవని రెండు మూడు వాక్యాలుంటాయి. రావాల్సిన డబ్బు వసూలవుతుందా లేదా అన్నది చాలాసార్లు వాటితోనే తేలిపోతుంది. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు. ఇది సాధారణ సమాచారం మాత్రమే. సంతకానికి ముందో, దావాకు ముందో పని జరిగే రాష్ట్రంలోని కన్‌స్ట్రక్షన్ లాయరుకు మీ కాగితం చూపించండి.

## సంతకం పెట్టకముందు

గవర్నింగ్ లా అన్నా, వెన్యూ అన్నా ఒకటేనా?

కాదు. కాంట్రాక్టులో మూడు సంగతులు విడివిడిగా వెతకాలి. ఒకటి, ఏ రాష్ట్ర చట్టం ప్రకారం తీర్పు చెప్పాలి (గవర్నింగ్ లా). రెండు, దావా ఏ ఊరి కోర్టులో వేయాలి (వెన్యూ). మూడు, కోర్టు కాకుండా ఆర్బిట్రేషన్ (ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అని రాస్తే అది ఎక్కడ కూర్చోవాలి. టెక్సస్ కోర్టు ఒహాయో చట్టం ప్రకారం తీర్పు చెప్పొచ్చు, ఒహాయో కోర్టు టెక్సస్ చట్టం ప్రకారం చెప్పొచ్చు. ఈ మూడింటినీ ఒకే పేరాలో కలిపేస్తారు కాబట్టి ఒకటి చూసి మిగతావి వదిలేస్తుంటారు.

చట్టం ఏదన్నదాన్ని బట్టి డబ్బు ఎప్పుడు బాకీ పడుతుంది, ఆలస్యానికి వడ్డీ ఎంత, అవతలివాళ్ల తప్పుకు మీరు పూచీ పడాలా అన్నవి తేలతాయి. చోటు ఏదన్నదాన్ని బట్టి ఖర్చు తేలుతుంది. ఇరవై వేల డాలర్ల బిల్లు కోసం మరో రాష్ట్రంలో లాయరును పెట్టుకుని, సాక్షులను విమానాల్లో తీసుకెళ్లడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అలా రాయించినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

మా జీసీది (జనరల్ కాంట్రాక్టరుది, అంటే ప్రాజెక్టు మొత్తం పట్టిన ప్రధాన కాంట్రాక్టరుది) ఒహాయో. పని నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో. ఒహాయో చట్టం, ఒహాయో కోర్టు అని రాశారు. నాకొచ్చే నష్టమేంటి?

ఒక్క ఉదాహరణ చాలు. మీ సబ్ కాంట్రాక్టులో "ఓనరు జీసీకి డబ్బిస్తేనే జీసీ సబ్‌కు ఇస్తాడు" అనే షరతు ఉందనుకోండి. మీరు డ్రైవాల్ పని పూర్తిచేశారు, ఓనరు దివాలా తీశాడు. నార్త్ కరొలైనాలో ఆ షరతు చెల్లదు: అక్కడి చట్టం 22సి-2 ప్రకారం ఓనరు చెల్లింపును సబ్ చెల్లింపుకు ముందస్తు షరతుగా పెట్టడం కుదరదు. ఒహాయోలో మాటలు స్పష్టంగా ఉంటే చెల్లుతుంది. అక్కడి సుప్రీంకోర్టు 2014లో ట్రాన్‌స్టార్ ఎలక్ట్రిక్ కేసులో ఆ మాటే చెప్పింది. అంటే పని అదే, గోడలు అవే. కాగితం మీద రాష్ట్రం పేరు మారితే డబ్బు రావడం, రాకపోవడం మారిపోతుంది.

మీకు అనుకూలమైన సంగతి: నార్త్ కరొలైనా 22బి-2 ప్రకారం ఆ రాష్ట్రంలోని స్థలం మీద జరిగే పనికి వేరే రాష్ట్ర చట్టం వర్తిస్తుందన్నా, గొడవ తేల్చే చోటు వేరే రాష్ట్రంలోనే ఉండాలన్నా అది చెల్లదు. చట్టం మీ వైపే ఉంది. కానీ జీసీ ముందే ఒహాయోలో కేసు వేస్తే, అక్కడి జడ్జి నార్త్ కరొలైనా నియమానికి ఎంత విలువిస్తాడన్నది వేరే పోరాటం. అందుకే ఈ వాక్యాన్ని సంతకానికి ముందే కొట్టించడం మేలు.

పని జరిగే రాష్ట్రంలోనే కోర్టు ఉండాలని చట్టం ఉందట కదా. అది అన్ని రాష్ట్రాల్లోనూ ఉందా?

లేదు. చాలా రాష్ట్రాల్లో ఉంది, కొన్నింటిలో లేదు, ఉన్నచోట కూడా ఒకేలా లేదు. పక్క రాష్ట్రంలో చేసేవాళ్ల మాట విని ఇక్కడా అంతే అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ప్రతి చట్టంలోనూ ఎవరిని కాపాడుతుంది, దేన్ని అడ్డుకుంటుంది, దానంతటదే రద్దవుతుందా లేక మీరు అడగాలా అన్నవి చూడాలి.

ఇల్లినాయ్, మిన్నెసోటా, ఒహాయో చట్టాలు వెడల్పైనవి. పని ఆ రాష్ట్రంలో జరుగుతుంటే పరాయి రాష్ట్ర చట్టం, కోర్టు, ఆర్బిట్రేషన్ మూడూ చెల్లవు. లూసియానాలో (9:2779) కూడా దాదాపు అంతే, కాకపోతే కాంట్రాక్టులో ఒక పక్షమైనా లూసియానాకు చెందినదై ఉండాలి.

కాలిఫోర్నియా చట్టం (సివిల్ ప్రొసీజర్ కోడ్ 410.42) ఇరుకైనది. సబ్ కాంట్రాక్టరు ప్రధాన ఆఫీసు కాలిఫోర్నియాలో ఉండి, పనీ అక్కడే జరిగితే, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందంలో గొడవను బయటికి తీసుకెళ్లే షరతు చెల్లదంటుంది. ఓనరుకు, కాంట్రాక్టరుకు మధ్య ఒప్పందం దీని కిందికి రాదు. బయటి రాష్ట్రపు జీసీతో కాలిఫోర్నియా సబ్ చేసుకున్న ఒప్పందం మాత్రం వస్తుంది. చట్టం ఏదన్న ఎంపికను ఇది ముట్టుకోదు.

ఫ్లోరిడాలో (47.025) కాపుదల స్థానిక కాంట్రాక్టర్లు, సబ్‌లు, సరుకు సరఫరాదారులకే. వాళ్లమీద దావా రాష్ట్రం బయటే వేయాలన్న షరతు చెల్లదు. గొడవ వచ్చాక ఇద్దరూ ఒప్పుకుంటే మాత్రం బయటికి వెళ్లొచ్చు. ఇక్కడా గవర్నింగ్ లా ప్రస్తావన లేదు.

న్యూయార్క్‌లో (జనరల్ బిజినెస్ లా 757) పరాయి చట్టం, పరాయి కోర్టు, పరాయి ఆర్బిట్రేషన్ మూడూ చెల్లవు. అయితే సరుకు మాత్రమే అమ్మే సప్లయరుతో చేసుకున్న ఒప్పందానికి మినహాయింపు ఉంది. ప్రాజెక్టు మొత్తం విలువ 1,50,000 డాలర్లో, అంతకంటే ఎక్కువో ఉండాలి. ఒకటి నుంచి మూడు కుటుంబాలు ఉండే విడి ఇళ్లకు ఈ చట్టం వర్తించదు.

టెక్సస్‌లో ఆ క్లాజు దానంతటదే రద్దైపోతుందా?

కాదు. టెక్సస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ సెక్షన్ 272.001 ప్రకారం పరాయి రాష్ట్ర చట్టం, కోర్టు, ఆర్బిట్రేషన్ అని రాసిన షరతును రద్దు చేసే హక్కు పని చేసే పక్షానికి ఉంటుంది. మీరు వాడుకునేదాకా ఆ షరతు బతికే ఉంటుంది. జీసీకి తన పైవాళ్లతో ఉన్న ఒప్పందంలో, పని చేయాల్సింది జీసీయే కాబట్టి, అక్కడ ఈ హక్కు జీసీది. మీ సబ్ కాంట్రాక్టులో అది మీది.

వాడుకోవడం అంటే రాతపూర్వకంగా చెప్పడం. కాంట్రాక్టు పేరు, తేదీ, క్లాజు నంబరు రాసి, 272.001 కింద ఈ షరతును రద్దు చేస్తున్నామని, గొడవను టెక్సస్ చట్టం ప్రకారం టెక్సస్‌లోనే తేల్చుకుంటామని ఉత్తరం పంపాలి. కాంట్రాక్టులో నోటీసులు ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో పంపమన్నారో అలాగే పంపండి. మెయిల్ సరిపోదని రాసి ఉంటే సర్టిఫైడ్ పోస్టు. బయటి రాష్ట్రంలో కేసులో పాల్గొని, ఆర్నెల్లు వాదించి, ఆ తర్వాత రద్దు చేస్తున్నామంటే హక్కు వదులుకున్నట్టే చూసే అవకాశం ఎక్కువ.

2017కి ముందు ఈ చట్టం ప్రధానంగా నిర్మాణం లేదా మరమ్మతు కోసం చేసుకున్న ఒప్పందాల గురించే మాట్లాడేది. ఆ ఏడాది సవరణతో డిజైన్, సరుకు, పరికరాల సరఫరా, అనుబంధ ఒప్పందాల దాకా విస్తరించింది. పాత కాంట్రాక్టు అయితే ఏ తేదీదో చూసుకోవాలి.

నేను కట్టేవాణ్ని కాదు, కట్టించుకునేవాణ్ని. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు. ఈ రక్షణ నాకూ ఉంటుందా?

టెక్సస్ సెక్షన్ 272.001 రద్దు హక్కు ఇచ్చింది పని చేసేవాళ్లకే. ఇంటి యజమానిగా మీరు దాన్ని వాడుకోలేరు. ఈ తరహా చట్టాలు చాలావరకు చిన్న సబ్‌లను దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. కాబట్టి బిల్డరు ఇచ్చిన ఫారంలో వేరే రాష్ట్రం పేరు కనిపిస్తే, చట్టం కాపాడుతుందిలే అనుకోకుండా సంతకం ముందే కొట్టేయించండి. పెద్ద బిల్డర్ల ఫారాల్లో అసలు చిక్కు ఆర్బిట్రేషన్ దగ్గర ఉంటుంది. ఏ సంస్థ నియమాలు, ఫీజు ఎవరు కట్టాలి, ఏ కౌంటీలో కూర్చోవాలి అన్న మూడూ చదవండి. చిన్న మొత్తాలకు స్మాల్ క్లెయిమ్స్‌కు వెళ్లే హక్కు మిగిలేలా ఒక వాక్యం పెట్టించండి. టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా వేసుకోవచ్చు.

ఏఐఏ (అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ) ఫారం వాడుతున్నాం. అది వాడితే అన్నీ సరిగ్గానే ఉంటాయి కదా?

ముద్రించిన మూలం మంచిదే. ఏ201-2017లో (సాధారణ షరతుల పత్రం) సెక్షన్ 13.1 ప్రకారం ప్రాజెక్టు ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. 15.4 ప్రకారం ఆర్బిట్రేషన్ కూడా, ఇద్దరూ వేరేగా ఒప్పుకోకపోతే, ప్రాజెక్టు ఉన్న చోటే. చిక్కులు వేరేచోట వస్తాయి.

మొదటిది ఏ101లో (ఓనరు, కాంట్రాక్టరు మధ్య ఒప్పంద పత్రం) సెక్షన్ 6.2. అక్కడ ఆర్బిట్రేషన్, కోర్టు, ఇతరం అని మూడు గడులు ఉంటాయి. ఏదీ టిక్ చేయకుండా వదిలేస్తే గొడవ కోర్టుకే వెళ్తుంది. ఆర్బిట్రేషన్ ఉందని నమ్ముకుని కూర్చున్నవాళ్లకు ఆ ఖాళీ గడి సంగతి గొడవ వచ్చాకే తెలుస్తుంది. రెండోది సప్లిమెంటరీ కండిషన్స్. ఓనరు లాయరు 13.1ని తీసేసి తన రాష్ట్రం పేరు పెట్టేది ఆ కాగితాల్లోనే. అసలు ఫారం చదివి ఊరుకోవద్దు.

ఇంకొకటి: ఆర్బిట్రేషన్ ఎంచుకుంటే దానికి ఫెడరల్ ఆర్బిట్రేషన్ యాక్ట్ వర్తిస్తుందని 13.1 విడిగా చెబుతుంది. ఈ స్పష్టత అవసరమైనదే. ప్రాజెక్టు ఉన్న చోటి చట్టం అని మాత్రమే రాసి ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఎలక్ట్రికల్ పనుల కాంట్రాక్టులో, ఆ మాటకు కాలిఫోర్నియా ఆర్బిట్రేషన్ నియమాలు కూడా అని అర్థం చెప్పిన కింది కోర్టు తీర్పును 1989లో అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది. దాంతో ఆర్బిట్రేషన్ ఆగి కోర్టు కేసు ముందు నడిచింది.

మా సబ్ కాంట్రాక్టులో ఈ క్లాజే లేదు. అంటే బాధ లేనట్టేనా?

మెయిన్ కాంట్రాక్టు షరతులన్నీ సబ్‌కు వర్తిస్తాయని ఒక వాక్యం ఉందేమో చూడండి. దాదాపు ప్రతి సబ్ కాంట్రాక్టులో ఉంటుంది. ఓనరు, జీసీ మధ్య ఒప్పందంలో డెలవేర్ చట్టం, చికాగో ఆర్బిట్రేషన్ అని ఉంటే ఆ వాక్యం ద్వారా అవి మీ మీదికి రావచ్చు. మెయిన్ కాంట్రాక్టు ప్రతి అడగండి. ధరలు చూపించడం ఇష్టం లేకపోతే వాటిని నల్లగా కొట్టేసి, గొడవల పరిష్కారం ఉన్న ఆర్టికల్స్ ఇమ్మనండి. అది కూడా ఇవ్వనంటే, చూపించని షరతులు మాకు వర్తించవని రాయించుకోండి.

నిజంగానే ఎక్కడా ఏమీ లేకపోతే, పని జరిగిన రాష్ట్రంతోనే ఒప్పందానికి గట్టి సంబంధం ఉందని కోర్టులు సాధారణంగా చూస్తాయి.

మార్చమంటే జీసీ వింటాడా? ఏమని రాయమనాలి?

అడగనివాళ్లకంటే అడిగినవాళ్లకే ఎక్కువ దొరుకుతుంది. "మీ క్లాజు అన్యాయం" అని మొదలుపెట్టకుండా, "పని జరిగే రాష్ట్రంలో ఇది ఎలాగూ చెల్లదు, సరిచేద్దాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆ రాష్ట్రంలో అలాంటి చట్టం ఉందో లేదో ముందు చూసుకునే అనండి.

కావాల్సిన సారం ఇది: ఒప్పందానికి ప్రాజెక్టు ఉన్న రాష్ట్ర చట్టం వర్తిస్తుంది, ఏ దావా అయినా, ఆర్బిట్రేషన్ అయినా ప్రాజెక్టు ఉన్న కౌంటీలో జరుగుతుంది, లీన్ (రావాల్సిన డబ్బుకు ఆ స్థలం మీద పెట్టే హక్కు), బాండ్ (ఆ డబ్బుకు పూచీ కంపెనీ ఇచ్చే హామీ) హక్కులకు ఇందులో ఏదీ అడ్డు కాదు. మెయిన్ కాంట్రాక్టుతో తేడా వస్తే ఈ పేరాయే నిలుస్తుందన్న మాట కూడా కలపండి, లేకపోతే ఇంత కష్టమూ వృథా.

జీసీ మొండికేస్తే చట్టం వాళ్లది ఉంచి చోటు మీది అడగండి. అదీ కాకపోతే ఒక మొత్తం లోపు గొడవలు వీడియో ద్వారా తేల్చుకుందామని, లీన్, బాండ్ దావాలను క్లాజు నుంచి మినహాయించమని అడగండి. ఈ మినహాయింపు ఒక్కటి దక్కినా చాలా పట్టు దొరుకుతుంది.

పెన్నుతో కొట్టేస్తే ఇద్దరూ పక్కన పొట్టి సంతకాలు పెట్టాలి. డాక్యుసైన్ ద్వారా వస్తే మార్పు ఫైల్లో పడ్డాకే సంతకం చేయండి. "తర్వాత మారుస్తాం" అన్న మెయిల్‌ను, రాతపూర్వక ఒప్పందమే అంతిమం అన్న మరో క్లాజు కొట్టిపారేస్తుంది.

## పని నడుస్తుండగా

సబ్ కాంట్రాక్టులో టెక్సస్ అని ఉంది. సరుకు తెప్పించిన పర్చేజ్ ఆర్డర్ వెనక వేరే రాష్ట్రం పేరుంది. ఏది నిలుస్తుంది?

రెండూ వేర్వేరు ఒప్పందాలు. సప్లయరుతో గొడవకు పర్చేజ్ ఆర్డరే చూస్తారు. మీరు పంపిన ఆర్డరులో ఒక రాష్ట్రం, వాళ్లు తిరిగి పంపిన అక్నాలెడ్జ్‌మెంటులో మరో రాష్ట్రం ఉంటే ఏది నిలబడుతుందో తేల్చడమే ఒక కేసవుతుంది. అకౌంటు తెరిచిన రోజు సంతకం పెట్టిన క్రెడిట్ అప్లికేషన్‌లో కూడా ఇలాంటి వాక్యం ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. నిర్మాణ చట్టాల కాపుదల సరుకు ఒప్పందాలకు అన్నిచోట్లా ఒకేలా ఉండదు: నార్త్ కరొలైనాలో ఉంది, న్యూయార్క్ వాటిని వదిలేసింది.

వేరే రాష్ట్ర చట్టం అని రాశారు కాబట్టి లైసెన్సు, లీన్ గడువులు కూడా ఆ రాష్ట్రానివేనా?

కావు. ఈ పొరపాటు చాలా ఖరీదైనది. లైసెన్సు, లీన్ రెండూ భూమి ఉన్న రాష్ట్రానివే. కాంట్రాక్టులో ఏం రాసుకున్నా మారవు.

కాలిఫోర్నియాలో లైసెన్సు అవసరమైన పని లైసెన్సు లేకుండా చేస్తే, బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 7031 ప్రకారం డబ్బు కోసం దావా వేయలేరు. అప్పటికే తీసుకున్నది వెనక్కివ్వమని ఓనరు అడగొచ్చు కూడా.

లీన్ గడువులు చిన్నవి. నార్త్ కరొలైనాలో స్థలం మీద చివరిసారి పని చేసిన లేదా సరుకు ఇచ్చిన రోజు నుంచి 120 రోజుల్లో లీన్ ఫైల్ చేసి, అదే రోజు నుంచి 180 రోజుల్లో దావా వేయాలి. కాలిఫోర్నియాలో పని పూర్తయ్యాక 90 రోజులు. ఓనరు నోటీస్ ఆఫ్ కంప్లీషన్ రికార్డు చేస్తే నేరుగా ఒప్పందం ఉన్న కాంట్రాక్టరుకు 60, సబ్‌కు 30 రోజులకు కుదించుకుపోతుంది. లీన్ రికార్డు చేశాక దావాకు మరో 90 రోజులు. చివరి పని రోజును ఫోటో, డైలీ రిపోర్టు, సరుకు రసీదులతో నమోదు చేసి పెట్టుకోండి.

క్లెయిమ్ నోటీసు ఇరవయ్యొక్క రోజుల్లో ఇవ్వాలన్నారు. ఆ లెక్క ఎక్కడిది?

అది కాంట్రాక్టు గడువు. ఏఐఏ ఏ201లో సంఘటన జరిగిన 21 రోజుల్లో, లేదా ఆ పరిస్థితి గుర్తించిన 21 రోజుల్లో, ఏది తర్వాతైతే దాని ప్రకారం, క్లెయిమ్ మొదలుపెట్టాలి. సబ్ కాంట్రాక్టులో దీన్ని ఏడుకో, మూడుకో తగ్గిస్తారు. నోటీసు ఆలస్యమైతే హక్కు పూర్తిగా పోతుందా, జీసీకి నష్టం జరిగిందని చూపించాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి గవర్నింగ్ లా ఇక్కడ కూడా డబ్బు మాటే. తక్కువ గడువునే గడువనుకుని నోటీసు పంపితే ఆ ప్రశ్నే రాదు.

పని ఆర్మీ బేస్‌లో. రాష్ట్ర చట్టం వర్తిస్తుందా?

ఫెడరల్ ప్రభుత్వ భూమి మీద రాష్ట్ర లీన్ ఉండదు. దాని బదులు మిల్లర్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం కింద జీసీ ఇచ్చే బాండ్ ఉంటుంది. డబ్బు రాని సబ్, పని జరిగిన జిల్లాలోని ఫెడరల్ కోర్టులో బాండ్ మీద దావా వేయొచ్చు. మీ చివరి పని రోజు నుంచి 90 రోజులు గడిచాక మొదలుపెట్టి ఏడాది లోపు వేయాలి. మీ ఒప్పందం జీసీతో కాక జీసీ సబ్‌తో ఉంటే, ఆ మొదటి 90 రోజుల్లోనే జీసీకి రాతపూర్వక నోటీసు ఇవ్వడం తప్పనిసరి.

జాగ్రత్త: పని జరిగిన జిల్లా అన్న నియమం వదులుకోగలిగిన హక్కు కిందికే వస్తుంది. సబ్ కాంట్రాక్టులో వేరే చోటికి ఒప్పుకుంటే కోర్టులు దాన్ని అమలు చేసిన సందర్భాలున్నాయి. ఫెడరల్ భూమి మీద రాష్ట్ర నిర్మాణ చట్టం వర్తించదన్న వాదన కూడా ఎదురవుతుంది. కాబట్టి బేస్ పనులకు సంతకానికి ముందు బేరమే గట్టి దారి.

## గొడవ మొదలయ్యాక

జీసీ వాళ్ల రాష్ట్రంలో కేసు వేశాడు. మా రాష్ట్రంలో ఆ క్లాజు చెల్లదు కాబట్టి పట్టించుకోకపోతే ఏమవుతుంది?

మీరు హాజరు కాకపోతే మీమీద ఏకపక్ష తీర్పు వస్తుంది. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్రపు తీర్పును మరో రాష్ట్రం గౌరవించాలి. దాన్ని మీ కౌంటీలో నమోదు చేసి బ్యాంకు ఖాతా మీదికి వస్తారు. అప్పుడు పని బాగా చేశామని, డబ్బు మాకే రావాలని చెప్పడానికి వీలుండదు. ఆ కోర్టుకు మీమీద అధికారమే లేదన్న ఒక్క వాదన మిగులుతుంది. క్లాజులో ఆ కోర్టుకు ఒప్పుకుంటున్నాం అని సంతకం పెట్టి ఉంటే అదీ బలహీనమే.

సమన్లు అందిన రోజే లాయరును కలవండి. ఫెడరల్ కోర్టులో జవాబుకు 21 రోజులు. టెక్సస్ రాష్ట్ర కోర్టులో 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు. చోటు సరికాదన్న అభ్యంతరం మొట్టమొదటి కాగితంలోనే ఉండాలి. ముందు మామూలు జవాబు వేసేసి తర్వాత గుర్తొచ్చిందంటే చాలా కోర్టుల్లో ఆ హక్కు పోయినట్టే. అదే సమయంలో పని జరిగిన రాష్ట్రంలో మీ దావా వేయాలా అన్నది కూడా లాయరుతో వెంటనే తేల్చుకోండి. ఎవరు ముందు వేశారన్నదానికి ఇక్కడ బరువు ఉంటుంది.

రాష్ట్ర చట్టం ఆర్బిట్రేషన్ కూడా బయట వద్దంటోంది. అయినా మా లాయరు వెళ్లాల్సి రావచ్చంటున్నారు. ఎందుకు?

1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ యాక్ట్ వల్ల. రాష్ట్రాల మధ్య వ్యాపారానికి సంబంధించిన ఒప్పందంలో ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకుంటే, దాన్ని రాసుకున్నట్టే అమలు చేయాలని ఆ చట్టం చెబుతుంది. దానికి అడ్డొచ్చే రాష్ట్ర నియమం పక్కకు తప్పుకోవాల్సిందే. లూసియానా చట్టం విషయంలో 2001లో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు ఓపీఈ ఇంటర్నేషనల్ కేసులో సరిగ్గా ఇదే చెప్పి, బయటి ఆర్బిట్రేషన్‌ను అనుమతించింది. జీసీ ఒక రాష్ట్రం, పని మరో రాష్ట్రం, సరుకు ఇంకో రాష్ట్రం నుంచి వచ్చిందంటే రాష్ట్రాల మధ్య వ్యాపారం కాదని వాదించడం కష్టం.

అంటే కోర్టు గురించి మీ రాష్ట్రం ఇచ్చిన రక్షణ గట్టిది, ఆర్బిట్రేషన్ గురించి ఇచ్చినది సన్ననిది. ఫారంలో ఆర్బిట్రేషన్ అని కనిపించి, పక్కన దూరపు ఊరి పేరుంటే ఆ పేరు మార్పించకుండా సంతకం చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే, ఆర్బిట్రేషన్ సంస్థను హియరింగ్ స్థలం మార్చమనో, వీడియోలో జరపమనో మొదటి కాన్ఫరెన్సులోనే అడగండి.

ఫెడరల్ కోర్టులో వేస్తే ఆ క్లాజు నుంచి తప్పించుకోవచ్చా?

తప్పించుకోవడం కష్టం. 2013లో అమెరికా సుప్రీంకోర్టు అట్లాంటిక్ మెరీన్ కేసు తీర్పు ఇలాంటి గొడవ మీదే. వర్జీనియా కాంట్రాక్టరు, టెక్సస్ సబ్, పని టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో పిల్లల సంరక్షణ కేంద్రం. సబ్ టెక్సస్ ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. క్లాజులో వర్జీనియా ఉంది. చెల్లుబాటయ్యే ఫోరం క్లాజు (దావా ఎక్కడ వేయాలో చెప్పే షరతు) ఉంటే, అసాధారణ కారణాలు లేకపోతే కేసును అక్కడికే బదిలీ చేయాలని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. సాక్షులంతా టెక్సస్‌లో ఉన్నారు, ఖర్చవుతుంది లాంటి సొంత ఇబ్బందులు లెక్కలోకి రావు.

ఆ తీర్పు మొదలయ్యేదే క్లాజు చెల్లుతుందన్న ఊహతో. మీ రాష్ట్ర చట్టం క్లాజునే చెల్లదంటోంది కాబట్టి పోరాటం అక్కడ చేయాలి. ఈ మాట మీద ఫెడరల్ కోర్టులు ఒకే దారిలో లేవు. రాష్ట్ర కోర్టులో ఉండగలిగే కేసైతే అక్కడే ఉండటం సబ్‌కు మేలు.

ఆర్బిట్రేషన్ నడుస్తోంది కదా, లీన్ దావా తర్వాత వేయొచ్చా?

వేయకండి, గడువు ఆగదు. లీన్ అమలు చేసేది భూమి ఉన్న కౌంటీ కోర్టు మాత్రమే. ఆర్బిట్రేటరుకు ఆ అధికారం లేదు. మామూలు పద్ధతి: గడువులోపు లీన్ దావా వేసి, ఆర్బిట్రేషన్ ముగిసేదాకా దాన్ని ఆపి ఉంచమని వెంటనే అడగడం. కాలిఫోర్నియాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 1281.5 దీనికి దారి రాసిపెట్టింది: దావాతో పాటు స్టే కోరితే ఆర్బిట్రేషన్ హక్కు వదులుకున్నట్టు కాదు. స్టే కోరకుండా దావా వేసి, మూడు నెలలు డాక్యుమెంట్లు ఇచ్చిపుచ్చుకున్నాక ఆర్బిట్రేషన్ కావాలంటే చిక్కే.

మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ ప్రయత్నం) ముందు జరగాలన్న షరతు ఉంటే దాని అభ్యర్థన కూడా అదే వారం పంపండి. ఏఐఏ ఫారంలో ఆ తేదీ నుంచి 60 రోజుల పాటు మిగతా ప్రక్రియ ఆగుతుంది. లీన్ గడువు మాత్రం ఆగదు.

రెండు పక్షాలూ టెక్సస్‌వే. పని కాలిన్ కౌంటీలో, క్లాజులో హ్యారిస్ కౌంటీ అని ఉంది. అది చెల్లుతుందా?

పరాయి రాష్ట్రాల గురించిన చట్టం ఇక్కడ పనికిరాదు, గొడవ రాష్ట్రంలోపలిదే. టెక్సస్‌లో కౌంటీని ముందే ఒప్పందంతో బిగించడం సాధారణంగా కుదరదు. పది లక్షల డాలర్లు, ఆపైన ఉన్న పెద్ద లావాదేవీలకు మాత్రం సివిల్ ప్రాక్టీస్ కోడ్ 15.020 అనుమతిస్తుంది. మీది అంతకు తక్కువైతే ఆ వాక్యం చూసి భయపడాల్సిన పని లేదు.

న్యూజెర్సీలో పని చేశాం. బిల్లు ఆమోదించి కూడా డబ్బివ్వడం లేదు. ఎక్కడ వేయాలి?

న్యూజెర్సీ ప్రాంప్ట్ పేమెంట్ చట్టం (2ఎ:30ఎ-2) కింద వసూలు దావా ఆ రాష్ట్రంలోనే నడవాలి. గెలిచిన పక్షానికి ఖర్చులు, లాయరు ఫీజు కూడా ఇప్పించాలి. దావా పత్రంలో ఈ చట్టం పేరు స్పష్టంగా రాయించండి; మామూలు కాంట్రాక్టు ఉల్లంఘన అని మాత్రమే రాస్తే ఈ ప్రయోజనం అందదు.

## ఇండియాతో సంబంధం ఉన్న కేసులు

మాది హైదరాబాద్‌లో స్టీల్ డీటెయిలింగ్ ఆఫీసు. టెక్సస్ ఫ్యాబ్రికేటరు డబ్బివ్వలేదు. మాకు ఏ క్లాజు మంచిది?

డబ్బు ఎక్కడుందో అక్కడ వసూలు చేసే దారి మంచిది. కాంట్రాక్టులో హైదరాబాద్ కోర్టు అని రాయించుకోవడం బాగానే అనిపిస్తుంది, కానీ ఆ తీర్పును టెక్సస్‌లో అమలు చేయించుకోవడానికి మళ్లీ అక్కడి కోర్టు గుమ్మం ఎక్కాలి. ఫ్యాబ్రికేటరు ఉన్న రాష్ట్రంలో కోర్టు, లేదా వీడియో హియరింగులతో ఆర్బిట్రేషన్ మీకు నయం. చట్టం ఏదో, ఆర్బిట్రేషన్ సీటు ఏ నగరమో రెండూ పేరు పెట్టి రాయండి. చిన్న ఇన్‌వాయిస్‌ల మీద నడిచే పనైతే క్లాజు కంటే ముందు అడ్వాన్సు, దశలవారీ చెల్లింపు, డబ్బు అందాకే తుది ఫైళ్లు ఇవ్వడం అన్నవి గట్టి రక్షణ.

అమెరికా కోర్టులో గెలిచాం. అవతలి వ్యక్తి ఆస్తులన్నీ విజయవాడలో ఉన్నాయి. తీర్పు అక్కడ చెల్లుతుందా?

నేరుగా అమలు కాదు. ఇండియా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద ప్రకటించిన దేశాల తీర్పులనే అక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టొచ్చు. యునైటెడ్ కింగ్‌డమ్, సింగపూర్, యూఏఈ ఆ జాబితాలో ఉన్నాయి, అమెరికా లేదు. కాబట్టి అమెరికా తీర్పు ఆధారంగా ఇండియాలో కొత్త దావా వేయాలి. గడువు తీర్పు తేదీ నుంచి మూడేళ్లు. సెక్షన్ 13 కింద ఆ తీర్పును ప్రశ్నించే వీలు అవతలివాళ్లకు ఉంటుంది. గొడవ లోతుపాతుల్లోకి వెళ్లకుండా ఏకపక్షంగా ఇచ్చిన తీర్పైతే మరీ ఇబ్బంది.

ఆర్బిట్రేషన్ అవార్డు సంగతి వేరు. న్యూయార్క్ కన్వెన్షన్ (విదేశీ ఆర్బిట్రేషన్ అవార్డులను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందం) కింద ఇండియా గుర్తించిన దేశాల్లో అమెరికా ఉంది, కాబట్టి అమెరికాలో వచ్చిన వాణిజ్య అవార్డును 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం కింద ఇండియా హైకోర్టులో అమలుకు పెట్టొచ్చు. అవతలి భాగస్వామికో, ఓనరుకో ఆస్తులు ఇండియాలోనే ఉన్నాయని ముందే తెలిస్తే, ఈ ఒక్క కారణంతోనే కోర్టు బదులు ఆర్బిట్రేషన్ ఎంచుకోవడం తెలివైన పని. అవార్డు అసలు ప్రతి, ఆర్బిట్రేషన్ ఒప్పందం అసలు ప్రతి లేదా ధ్రువీకరించిన నకలు, నోటీసులు అందినట్టు రుజువులు మొదటిరోజు నుంచే భద్రపరచండి. అక్కడి కోర్టు ముందు అడిగేవి అవే.